దేవుని సొమ్ముకు భక్తుడే కావలి
(ఆలయ జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక మహోత్సవాల ధార్మిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



బాలాలయంలో పూజలందుకున్న స్వామి తిరిగి మూలస్థానానికి వేంచేసిన శుభవేళ ఇది. పూర్ణాహుతి జరిగి, విమానశిఖరంపై కుంభజలం పడిన క్షణాన మనమందరం చేతులు జోడించాము. ఈ సభలో స్వామి మహిమను గూర్చి పెద్దలు ప్రసంగించారు. నాకు అప్పగించిన విషయం కొంత భిన్నమైనది. మతాన్ని, అందులో ప్రవేశించే అవినీతిని, దానితో ముడిపడిన సామాజిక సమస్యలను పరిశోధించి పండితులు రచించిన గ్రంథాలు భక్తులకు ఏమి నేర్పుతాయి అన్నది ఆ విషయం. శుభకార్యంలో ఈ ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చు. నా మనవి ఏమంటే, ఇది తలచుకోదగిన సమయం ఇదే. గోపురానికి కొత్త సున్నం ఆరకముందే, దాతల ఉత్సాహం చల్లారకముందే, లెక్కల పుస్తకం ఇంకా అందరి కళ్ళ ముందు ఉండగానే ఈ మాట అనుకోవాలి.

మన పల్లెల్లో ఒక సామెత ఉన్నది. గుడిని మింగేవాడు ఒకడైతే, గుడినీ లింగాన్నీ కలిపి మింగేవాడు ఇంకొకడట. ఈ సామెతను కల్పించినవారు నాస్తికులు కారు. గుడికి నూనె తెచ్చి, దీపం పెట్టి, ఆ దీపం మరునాడు ఎందుకు వెలగలేదో చూసిన భక్తులే దీనిని పుట్టించి ఉంటారు. దేవుని మీద నమ్మకం ఉన్నవాడికే దేవుని సొమ్ము పోయినప్పుడు బాధ కలుగుతుంది. నేను పేర్కొనబోయే గ్రంథాలను మీరు ఈ దృష్టితో చూడవలెనని నా ప్రార్థన.

ప్రాచీనులు దాచిపెట్టలేదు

ముందుగా కౌటిల్యుని అర్థశాస్త్రం. శతాబ్దాల పాటు పేరు మాత్రమే వినబడిన ఈ గ్రంథపు తాళపత్ర ప్రతిని మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో పనిచేసిన ఆర్. శామశాస్త్రి గుర్తించి, 1909లో మూలాన్ని, 1915లో ఆంగ్లానువాదాన్ని ప్రకటించారు. రాజ్యధనాన్ని ఉద్యోగులు అపహరించే మార్గాలు నలభై అని కౌటిల్యుడు వాటిని వరుసగా లెక్కించాడు. వచ్చిన సొమ్మును రాయకపోవడం, ముందు వచ్చినదాన్ని వెనుక వచ్చినట్లు రాయడం, ఒకరు ఇచ్చినదాన్ని మరొకరి పేర చూపడం, తూకంలో, కొలతలో తేడా చేయడం వంటివి అందులో ఉన్నాయి. ఈనాటి ఆడిటరు ఎవరైనా ఆ జాబితాను చదివితే అపరిచితమైనది ఒక్కటీ కనబడదు.

అంతకంటె ఆశ్చర్యకరమైన అధ్యాయం మరొకటి ఉన్నది. బొక్కసం ఖాళీ అయినప్పుడు రాజు ఏ ఉపాయాలు చేయవచ్చునో చెబుతూ, దేవతాధ్యక్షుడనే ఉద్యోగి చేత ఆలయాల ధనాన్ని సేకరింపజేయడం, రాత్రికి రాత్రి దేవుడు భూమిలోనుంచి వెలసినట్లు చూపి జాతరలు జరిపించి కానుకలు పోగుచేయడం, ఆలయ ప్రాంగణంలోని చెట్టు అకాలంలో పూచిందని ప్రచారం చేయడం కౌటిల్యుడు చెప్పాడు. ఇవి ధర్మమని ఆయన అనలేదు, కష్టకాలపు రాజనీతిగా చెప్పాడు. భక్తుల విశ్వాసాన్ని సొమ్ము చేసుకొనే విద్య రెండువేల సంవత్సరాల క్రితమే తెలిసిన విద్య అని మాత్రం దీనివల్ల మనకు అర్థమవుతుంది. ఎవరైనా కొత్త మహిమ పేరు చెప్పి హుండీ తెరిచినప్పుడు ఒక్క క్షణం ఆగి ఆలోచించమని ఈ ప్రాచీన గ్రంథమే మనల్ని హెచ్చరిస్తున్నది.

రెండవది కాశ్మీర కవి కల్హణుడు క్రీ.శ. 1148లో ప్రారంభించిన రాజతరంగిణి. దీనిని ఆరెల్ స్టెయిన్ 1900లో విపులమైన వ్యాఖ్యలతో ఆంగ్లంలోకి తెచ్చారు. 1089 నుండి 1101 వరకు కాశ్మీరాన్ని ఏలిన హర్షుడనే రాజు చరిత్ర ఇందులో ఉన్నది. ఈయన కన్యాకుబ్జాన్ని ఏలిన హర్షవర్ధనుడు కాడు. సంగీత సాహిత్యాలు ఎరిగినవాడే, కాని దుబారా వల్ల బొక్కసం ఖాళీ చేసుకున్నాడు. మొదట మూతపడి ఉన్న భీమకేశవాలయ ధనంపై అతని చూపు పడింది. అది రుచి చూసిన తరువాత మిగిలిన ఆలయాల ధనం, ఆ తరువాత లోహంతో చేసిన దేవతామూర్తులే లక్ష్యమయ్యాయి. విగ్రహాలను పెకలించడానికి ప్రత్యేకంగా ఒక అధికారిని నియమించాడు. అతని పదవి పేరు దేవోత్పాటన నాయకుడు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. కల్హణుని తండ్రి చంపకుడు ఆ హర్షునికే నమ్మకమైన మంత్రి. తన తండ్రి కొలిచిన రాజు చేసిన పాపాన్ని కుమారుడు దాచలేదు, పెంచనూ లేదు. జరిగినది జరిగినట్లు రాశాడు. పరిశోధకుడంటే ఎలా ఉండాలో చెప్పడానికి మనకు ఇంతకంటె మంచి ఉదాహరణ అక్కరలేదు. హర్షుడు పోయాడు, అతని బొక్కసమూ పోయింది. ఆ లెక్క మాత్రం కల్హణుని గ్రంథంలో నేటికీ నిలిచి ఉన్నది.

రాతిపై లెక్క

దోపిడీని గూర్చి చెప్పిన గ్రంథాలు ఇవి. దానిని అడ్డుకోవడానికి మన పూర్వులు చేసిన ఏర్పాటు ఏమిటో చెప్పే గ్రంథాలు మరికొన్ని ఉన్నాయి. శాసనాలను చదివి ప్రకటించిన పండితుల సంపుటాలు అవి.

తంజావూరు బృహదీశ్వరాలయాన్ని రాజరాజచోళుడు 1010 నాటికి పూర్తి చేశాడు. ఆ ఆలయ శాసనాలను హుల్ష్ అనే జర్మను పండితుడు దక్షిణ భారత శాసనముల రెండవ సంపుటంలో ప్రకటించారు. అవి చదివితే స్తోత్రం కంటె జమాఖర్చే ఎక్కువగా కనబడుతుంది. స్వామికి సమర్పించిన ప్రతి ఆభరణం పేరు, అందులోని ముత్యాల సంఖ్య, రత్నాల సంఖ్య, బరువు, వెల చెక్కించారు. బంగారాన్ని ఆడవల్లాన్ అనే పేరుగల తూకపురాయితో తూచామని, ఆభరణాలను తూచేటప్పుడు దారాన్ని మినహాయించామని కూడా రాశారు. దారం బరువు ఎంత ఉంటుంది? అయినా చక్రవర్తి దానిని మినహాయించాడు. రేపు ఎవడైనా బంగారం తీసి, దారం బరువును చూపి తప్పించుకొనే వీలు ఉండకూడదని ఆయనకు తెలుసు.

ఆ ఆలయ ధనాన్ని పెట్టెలో పెట్టి తాళం వేయలేదు. చుట్టుపక్కల గ్రామసభలకు అప్పుగా ఇచ్చారు. కాసుకు ఏడాదికి ఎనిమిదవ వంతు కాసు, అనగా నూటికి పన్నెండున్నర, వడ్డీ. ఏ గ్రామం ఎంత తీసుకున్నదో, ప్రతిఫలంగా ఏమి చెల్లించాలో గోడపైనే ఉన్నది. ఆ దారిన పోయే చదువరి ఎవరైనా దానిని చదువుకోవచ్చు.

చెంగల్పట్టు ప్రాంతపు ఉత్తరమేరూరులో, మొదటి పరాంతకచోళుని కాలంలో, 919, 921 సంవత్సరాలలో చెక్కిన రెండు శాసనాలు ఉన్నాయి. ఇవి ఆలయ పాలనకు కాక గ్రామసభ ఎన్నికకు సంబంధించినవే. అయినా ఆలయ గోడపై ఉన్నవి. కె. ఎ. నీలకంఠశాస్త్రి చోళ పాలనపై 1932లో ప్రకటించిన గ్రంథంలో వీటిని విశదంగా పరిశీలించారు. చెరువు సంఘం, తోటల సంఘం, బంగారం సంఘం మొదలైనవాటికి సభ్యులను కుండలో వేసిన తాటాకు చీటీల ద్వారా ఎన్నుకొనే పద్ధతి అందులో ఉన్నది. వయస్సు ముప్పైఅయిదుకు తక్కువ, డెబ్బైకి ఎక్కువ ఉండరాదు. గత మూడేళ్ళలో పదవి చేసినవాడు మళ్ళీ పనికిరాడు. అన్నిటికంటె ముఖ్యమైన నిబంధన ఏమిటంటే, పదవిలో ఉండి లెక్క అప్పజెప్పనివాడు అనర్హుడు. అతడే కాదు, అతని దగ్గరి బంధువులూ అనర్హులే. అయితే ఇది వేదాధ్యయనపరులైన భూస్వాముల అగ్రహారం. ఆ కుండలో స్త్రీల చీటీ లేదు, ఇతర కులాలవారి చీటీ లేదు. గొప్పను చెప్పినప్పుడు కొరతను కూడా చెప్పమని పండిత గ్రంథాలు మనకు నేర్పుతాయి.

తెలుగునాట కూడా ఈ సంప్రదాయం బలంగా ఉన్నది. ద్రాక్షారామంలో, సింహాచలంలో గోడలమీద, స్తంభాలమీద వందలాది దానశాసనాలు ఉన్నాయి. సింహాచల శాసనాల ఆధారంగా కె. సుందరం 1969లో ఆ ఆలయ చరిత్రను గ్రంథంగా వెలువరించారు. మన శాసనాలలో తరచు కనబడేది అఖండదీప దానం. దాత పాతిక ఆవులనో, యాభై మేకలనో ఇస్తాడు. వాటిని ఒక బోయ కాపరి స్వీకరించి, తాను, తన సంతతివారు నిత్యం మానెడు నెయ్యి దీపానికి పోయడానికి ఒప్పుకుంటాడు. ఆ కాపరి పేరు కూడా శాసనంలో చెక్కుతారు. ఇచ్చినవాడి పేరు ఎంత స్పష్టంగా ఉన్నదో, పుచ్చుకున్నవాడి బాధ్యత కూడా అంత స్పష్టంగా ఉన్నది.

కాకతీయుల కాలపు శాసనాలను పరిశీలించి సింథియా టాల్బట్ అనే చరిత్రకారిణి 2001లో ఒక గ్రంథం ప్రకటించారు. ఆలయానికి దానం చేసినవారు రాజులు, బ్రాహ్మణులు మాత్రమే కారని, వర్తకులు, పశుపోషకులు, సైనికోద్యోగులు, స్త్రీలు ఎందరో దాతలుగా తమ పేర్లు చెక్కించుకున్నారని ఆమె చూపారు. ఆలయం అందరి చేతులమీదుగా నిలబడినది అన్నమాట. అందరి చేతులూ పడినదానికి లెక్క అందరికీ తెలియడం న్యాయమే కదా.

మన శాసనాల చివర, దానాన్ని హరించినవాడికి కలిగే దుర్గతిని చెప్పే శాపశ్లోకాలు ఉంటాయి. దానం చేయడం కంటె చేసిన దానాన్ని కాపాడడమే ఎక్కువ పుణ్యమనే భావమూ వాటిలో కనబడుతుంది. పూర్వులు శాపాన్ని నమ్మినవారే. అయినా శాపంతో సరిపెట్టుకోలేదు. ఎల్లలు, కొలతలు, సాక్షులు అన్నీ రాసిన తరువాతనే శాపం రాశారు.

కాలువలైన కానుకలు

సొమ్ము భద్రంగా ఉండడం ఒక ఎత్తు. అది ఎవరికి ఉపయోగపడింది అన్నది మరొక ఎత్తు. తిరుమల తిరుపతి దేవస్థానం శాసనాలను సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి శ్రమించి పరిశోధించారు, అవి సంపుటాలుగా వెలువడ్డాయి. వాటి ఆధారంగా బర్టన్ స్టెయిన్ అనే అమెరికా చరిత్రకారుడు 1960లో ఒక పరిశోధన వ్యాసం ప్రకటించారు. విజయనగర కాలంలో, 15, 16 శతాబ్దులలో భక్తులు సమర్పించిన నగదులో పెద్దభాగం ఆలయ గ్రామాలలో చెరువులు, కాలువలు తవ్వడానికి వినియోగమైందని ఆయన నిరూపించారు. నీరు పారిన భూమిలో పంట పెరుగుతుంది. పెరిగిన పంటనుంచి దాత పేరిట స్వామికి నైవేద్యం జరుగుతుంది. ఆ ప్రసాదంలో సాధారణంగా నాలుగవ వంతు దాతకు చెందుతుంది. మిగిలినది ఆలయ సేవకులకు, భక్తులకు.

ఈ ఏర్పాటులోని సొగసును ఒకసారి చూడండి. కానుక స్వామికి చేరింది. వర్షాధారమైన రాయలసీమ నేలకు నీరు వచ్చింది. రైతుకు పంట, యాత్రికునికి అన్నం, దాతకు పేరు, ప్రసాదం దక్కాయి. ధర్మశాస్త్రాలు యజ్ఞాన్ని ఇష్టమని, గుడి, బావి, చెరువు, అన్నసత్రం వంటివాటిని పూర్తమని పేర్కొన్నాయి. మహామహోపాధ్యాయ పాండురంగ వామన కాణే ధర్మశాస్త్ర చరిత్రలో దీనిని వివరించారు. 1930 నుండి 1962 వరకు ఐదు సంపుటాలుగా వచ్చిన ఆ మహాగ్రంథ రచయితకు 1963లో భారతరత్న లభించింది. గుడి కట్టించడమూ, చెరువు తవ్వించడమూ ఒకే జాతి పుణ్యమని ఆయన గ్రంథం చదివితే తెలుస్తుంది.

కంచె చేను మేసిన కాలం

రాజులు పోయారు. ఆలయాలకు కావలి మారింది. 1817లో మద్రాసు ప్రభుత్వం ఏడవ రెగ్యులేషను చేసి ఆలయాల మాన్యాలపై అజమాయిషీ తీసుకున్నది. మాన్యాల ఆదాయం దాతల ఉద్దేశానికి విరుద్ధంగా, నిర్వాహకుల సొంతానికి పోతున్నదని ఆ రెగ్యులేషను పీఠికలోనే చెప్పారు. తరువాత క్రైస్తవ మిషనరీల నుంచి అభ్యంతరాలు రాగా కంపెనీ ప్రభుత్వం తప్పుకున్నది. తిరుమల నిర్వహణ 1843లో హథీరాంజీ మఠ మహంతులకు అప్పగించబడి 1933 వరకు, అనగా తొంభై ఏళ్ళు, వారి చేతిలో ఉన్నది. 1863లో వచ్చిన ఇరవయ్యవ చట్టం స్థానిక సంఘాలను ఏర్పరచినది. అజమాయిషీ సడలినచోట ఎన్నో మాన్యాలు అన్యాక్రాంతమయ్యాయి. కంచె చేను మేసిన కాలమది.

దీనిని సరిదిద్దడానికి పూనుకున్నవారిలో ప్రముఖుడు తెలుగువాడే. మద్రాసు ప్రధానమంత్రిగా ఉన్న పానగల్లు రాజా రామరాయణింగారు 1922లో హిందూ ధర్మాదాయ బిల్లును ప్రవేశపెట్టించారు. మతంలో జోక్యమని గొప్ప వివాదం చెలరేగింది. చివరకు అది 1925లో చట్టమై, 1927లో మళ్ళీ శాసనమైనది. స్వాతంత్ర్యానంతరం 1951 చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 1966 చట్టం, జస్టిస్ చల్లా కొండయ్య సంఘం సిఫారసుల నేపథ్యంలో 1987 నాటి 30వ చట్టం వచ్చాయి. వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్ని 1987 చట్టం రద్దు చేసింది, సుప్రీంకోర్టు 1996లో దానిని సమర్థించింది. బడ్జెటు, లెక్కలు, ఆడిటు గూర్చి ఆ చట్టంలో ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి.

న్యాయశాస్త్రంలో ఇందుకు మూలమైన భావనను జస్టిస్ బి. కె. ముఖర్జియా హిందూ ధర్మాదాయాలపై చేసిన టాగూర్ న్యాయోపన్యాసాల గ్రంథంలో చక్కగా వివరించారు. తరువాత ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. చట్టం దృష్టిలో దేవతామూర్తి ఒక వ్యక్తి. ఆస్తి ఆ మూర్తిదే. అయితే ఆ వ్యక్తి స్వయంగా మాట్లాడలేడు, సంతకం పెట్టలేడు, కోర్టుకు రాలేడు. అందుచేత పసిబిడ్డ ఆస్తిని సంరక్షకుడు చూసినట్లు, దేవుని ఆస్తిని ధర్మకర్త చూడాలి. సర్వశక్తిమంతుడని మనం కొలిచే స్వామి, లౌకిక వ్యవహారంలో మన చేతిలో నోరులేని బిడ్డగా కూర్చున్నాడు. ఆ బిడ్డ సొమ్ము తినేవాడిని ఏమనాలో మీరే చెప్పండి.

చట్టం వచ్చినంతమాత్రాన అంతా చక్కబడిందా? లేదని మరి రెండు గ్రంథాలు చెబుతాయి. మద్రాసు తిరువల్లిక్కేణి పార్థసారథిస్వామి ఆలయంపై అర్జున్ అప్పాదురై 1981లో ప్రకటించిన గ్రంథం అందులో ఒకటి. తీర్థం ఎవరికి ముందు, శఠారి ఎవరికి ముందు, ఎవరి మాట చెల్లాలి అనే మర్యాదల తగాదాలు ఇంగ్లీషు కోర్టులకు ఎక్కి, తరతరాల వ్యాజ్యాలుగా ఎలా పెరిగాయో ఆయన చూపారు. రెండవది, తమిళనాడు దేవాదాయ శాఖపై ఫ్రాంక్లిన్ ప్రెస్లర్ 1987లో రాసిన గ్రంథం. పూర్వపు ధర్మకర్తల లోపాలను సరిదిద్దడానికి వచ్చిన ప్రభుత్వ యంత్రాంగం క్రమంగా తానే ఒక అధికారపీఠమై, రాజకీయాలకు లోనైన తీరు అందులో ఉన్నది. రాజు, మహంతు, వంశపారంపర్య ధర్మకర్త, ప్రభుత్వాధికారి, ఇందరి చేతుల్లో ఆలయం నడిచింది. ప్రతి వర్గంలోనూ పుణ్యాత్ములు ఉన్నారు, ప్రతి వర్గంలోనూ గుడిని మింగినవారు ఉన్నారు. కాబట్టి ఆలయం ఎవరి చేతిలో ఉండాలి అన్న వివాదం కంటె, ఎవరి చేతిలో ఉన్నా లెక్క ఎవరికి కనబడాలి అన్న ప్రశ్న ముఖ్యమైనదని నేను విన్నవిస్తున్నాను.

సొమ్ము ఒక్కటే లెక్క కాదు

అవినీతి అంటే ధనాపహరణ మాత్రమే కాదు. ఒకరికి చెందవలసినది చెందనీయకపోవడం కూడా అవినీతే. తంజావూరు శాసనంలో నాలుగువందల మంది ఆలయ నర్తకుల పేర్లు, వారి వీధులు, ఇళ్ళు రాసి, ఒక్కొక్కరికి ఏడాదికి నూరు కలముల ధాన్యం వాటాగా నిర్ణయించారు. అంత గౌరవంతో నమోదైన వృత్తి, తరువాతి కాలంలో ఆడపిల్లల జీవితాన్ని వారి ఇష్టంతో పనిలేకుండా నిర్ణయించే దురాచారమైనది. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి కృషితో 1929లో దేవదాసీల ఈనాం భూములను ఆలయసేవ నుంచి విడదీసే సవరణ వచ్చింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ సమర్పణ నిషిద్ధమైంది. ఆ తరువాత ఆ కుటుంబాలు తమ కళను, జ్ఞాపకాలను ఎలా నిలుపుకున్నాయో, గోదావరి జిల్లాల కలావంతుల కథతో సహా దావేశ్ సోనేజీ 2012లో గ్రంథంగా రాశారు. దురాచారం పోవడం న్యాయం. ఆ స్త్రీల విద్యను, పేర్లను కూడా దానితోపాటు చెరిపివేయడం న్యాయం కాదు.

ఆలయ ప్రవేశం విషయమూ అంతే. గుడి కట్టడానికి రాయి మోసినవాడు గుడిలోకి రాకూడదన్న నియమం శతాబ్దాలు సాగింది. 1936లో తిరువాన్కూరు మహారాజు ప్రకటన, 1939లో మధుర మీనాక్షి ఆలయ ప్రవేశం, 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం ఆ తలుపులు తెరిచాయి. చట్టం తెరిచిన తలుపును మనస్సు కూడా తెరిచిందా అన్నది ప్రతి ఊరివారూ తమను తాము అడగవలసిన ప్రశ్న.

ఈ గుడికి మనం చేయవలసినవి

ఇక ఇక్కడి మాటకు వస్తాను. జీర్ణోద్ధరణమంటే పాతదానిని పోగొట్టడం కాదు, శిథిలమైనదానిని నిలబెట్టడం. దురదృష్టవశాత్తు అనేక ఆలయాలలో మరమ్మతుల పేరిట శాసనాలపై సున్నం, రంగులు పడ్డాయి. ఇసుక విసిరే యంత్రాలతో శుభ్రం చేసినచోట అక్షరాలు అరిగిపోయాయి. రాళ్ళు తిరగబడి మెట్లయ్యాయి. అలా రాయి పోయినచోట, దాని అక్షరాలు పండితులు ప్రకటించిన సంపుటాలలో మాత్రమే బతికి ఉన్నాయి. పండిత గ్రంథం దేవాలయానికి ఎలా ఉపకరిస్తుందని అడిగేవారికి ఇదే సమాధానం. అది పోయిన లెక్కకు నకలు.

దాతలకు, ధర్మకర్తలకు నేను కొన్ని విన్నపాలు చేస్తున్నాను. ఈ సంచికలో దాతల పేర్లు ముద్రించారు. సంతోషం. అదే విధంగా వచ్చిన మొత్తం, పనివారీగా అయిన ఖర్చు, మిగిలినది, ఇంకా చెల్లించవలసినది ఒక పలకపై రాసి, ప్రదక్షిణ చేసేవారికి కనబడేచోట పెట్టవలెను. ఆభరణాలను ఏటా భక్తుల సమక్షంలో, దారం మినహాయించి, తూచి నమోదు చేయవలెను. ఆలయ భూములకు సర్వే నంబర్లు, విస్తీర్ణం, కౌలుదారు పేరు, కౌలు మొత్తం రాసి ఉంచవలెను. నగదు రూపంలో కాక బియ్యం, నూనె, సిమెంటు, శ్రమ రూపంలో వచ్చిన సమర్పణలకు కూడా రసీదు ఉండవలెను. లక్ష ఇచ్చినవారికి ఒక తీర్థం, ఒక రోజు కూలి ఇచ్చినవారికి మరొక తీర్థం ఉండరాదు. మిగిలిన ధనంలో కొంతభాగం ఊరి చెరువుకో, పేదపిల్లల చదువుకో వినియోగించే సంప్రదాయాన్ని పునరుద్ధరించవలెను. మండపంలో ఒక అలమర పెట్టి, నేను పేర్కొన్న గ్రంథాలలో దొరికినన్ని అందులో ఉంచవలెను. భజన పుస్తకాల పక్కన చరిత్ర పుస్తకం ఉంటే స్వామికి ఏ లోపమూ రాదు.

లెక్క అడగడం అనుమానించడం కాదు. నిజాయితీపరుడైన ధర్మకర్తకు లెక్క అడిగే భక్తుడే రక్ష. అడిగేవారు లేనిచోట, మంచివాడి మీద కూడా నింద పడుతుంది, చెడ్డవాడి మీద మాత్రం ఏ మచ్చా పడదు. అందుచేత అడిగేవాడు నొప్పించకుండా అడగాలి, చెప్పేవాడు నొచ్చుకోకుండా చెప్పాలి. సంవత్సరానికొకసారి, ఉత్సవం ముగిసిన మరునాడు, ధ్వజస్తంభం ముందు కూర్చొని ఆలయ జమాఖర్చులు బిగ్గరగా చదివే ఆచారం మన ఊరిలో మొదలైతే, అది స్వామికి చేసే మరొక ఉపచారమవుతుంది.

ఈ గోపురం నీడలో పెరిగే పిల్లలు రేపు మనల్ని అడుగుతారు, ఎవరు ఇచ్చారు, ఎంత ఇచ్చారు, ఏమి చేశారు అని. వారు చదువుకోవడానికి వీలుగా మనం రాసి ఉంచుదాము. 

స్వస్తి.